48 ఏళ్ల వయసులో మోటోక్రాస్ పోటీ: ఎక్కడ మొదలుపెట్టాలి?

నరసరావుపేట_నాగ
అందరికీ నమస్కారం. నాకు 48. సొంతూరు నరసరావుపేట దగ్గర పల్లె, ఉండేది డల్లాస్ శివారు ఫ్రిస్కోలో. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నాన్నగారి ఆర్‌ఎక్స్ 100 మీద కోటప్పకొండ వైపు డొంకల్లో తెగ తిరిగేవాణ్ణి. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు... పాతికేళ్లు బండి ముట్టుకోలేదు.

పోయిన ఏడాది ఆఫీసులో ఒకాయన తన కొడుకు పోటీ చూడ్డానికి రమ్మంటే ఫోర్ట్‌వర్త్‌లో విలేజ్ క్రీక్ మోటోక్రాస్ ట్రాక్‌కు (మట్టి దిబ్బలు, మలుపుల మీద బండ్ల పోటీ జరిగే చోటు) వెళ్లాను. పిల్లల పోటీ అయ్యాక 50 దాటినవాళ్ల వంతు వచ్చింది. గడ్డాలు నెరిసిన మనుషులు గేటు వెనక వరసగా నిలబడ్డారు. గేటు పడగానే అందరూ ఒకేసారి మొదటి మలుపు మీదికి దూసుకుపోయారు. ఆ రోజు నుంచి నా మనసు మనసులో లేదు.

ఆయన దగ్గరే పాత 450 సీసీ బండి కొన్నాను. రెండు నెలలుగా ఆదివారాలు ప్రాక్టీస్ చేస్తున్నా. మూడు ల్యాప్‌లు తిరిగేసరికి ముంజేతులు రాళ్లలా బిగుసుకుపోతున్నాయి. క్లచ్ పట్టుకుందామంటే వేళ్లు మాట వినడం లేదు. ఏప్రిల్‌లో 45 ప్లస్ క్లాసులో మొదటి పోటీ చేయాలని ఆశ. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

ఫ్రీమాంట్_శీను
నాగ గారూ, స్వాగతం. నాకు 54. నేను 39లో మొదలుపెట్టాను, కాబట్టి మీ బాధ నాకు బాగా తెలుసు.

ముందు ఆ 450 అమ్మేయండి. అది చెడ్డ బండి కాదు, మీకు ఇప్పుడు కావాల్సిన బండి కాదు. మీ ఆర్‌ఎక్స్ 100 ఇచ్చింది 11 హార్స్‌పవర్. ఈ 450 ఇచ్చేది 50కి పైనే, అదీ 110 కిలోల బరువు మీద. బండి చేతుల్లోంచి జారిపోతుందన్న భయంతో హ్యాండిల్‌ని గట్టిగా పట్టేసుకుంటాం. అలా పట్టుకోగానే ముంజేతి కండరాలు ఉబ్బుతాయి. వాటి చుట్టూ ఉన్న పొర సాగదు, లోపల ఒత్తిడి పెరిగి రక్తం సరిగ్గా ఆడదు. మనవాళ్లు ఆర్మ్ పంప్ అనేది దీన్నే. అంటే చేతుల్లో బలం లేక వచ్చింది కాదు. మోకాళ్లు చేయాల్సిన పని చేతులు చేస్తున్నందుకు వచ్చింది.

ట్యాంకు దగ్గర బండిని మోకాళ్లతో నొక్కి పట్టండి. పాదం ముందు భాగం ఫుట్‌పెగ్ మీద ఉండాలి, మడమ కాదు. మొదటి రెండు ల్యాప్‌లు సగం వేగంతో తిరగండి, నోటితో ఊపిరి వదలండి. చాలామంది మొదటి ల్యాప్‌లో ఊపిరి బిగబట్టేస్తారు, ఆ సంగతి వాళ్లకే తెలియదు.

రెండు_స్ట్రోకులు
శీనుగారితో ఒక విషయంలో ఏకీభవించలేనండి. నాది బెజవాడ, ఆటోనగర్‌లో షెడ్డు, వయసు 57. కుర్రతనంలో డర్ట్ ట్రాక్ రేసుల్లో నేనూ తిరిగినవాణ్ణే. పెద్ద ఇంజనులో ఒక సుఖం ఉంది: గేర్లు మార్చే పని తక్కువ. మలుపుకి ఒక గేరు పైనే ఉంచి నెమ్మదిగా థ్రాటిల్ ఇస్తే అదే లాక్కుపోతుంది. చిన్న ఇంజన్ని ఎప్పుడూ గుక్క తిప్పుకోనివ్వకుండా తిప్పాలి, క్లచ్ వాడుతూనే ఉండాలి. వయసు వచ్చినవాడికి అదీ అలసటే. మెత్తటి మ్యాప్ (ఇంజను శక్తిని నెమ్మదిగా వదిలే సెట్టింగు) పెట్టుకుని ఆ బండే ఉంచుకోవచ్చు.

అసలు బండి మీ ఒంటికి సరిపెట్టారా? అమ్మినాయన బరువెంత, మీ బరువెంత? ముందు శాగ్, అంటే మీరు ఎక్కితే బండి వెనక భాగం ఎంత కుంగుతుందో కొలవండి. బండిని స్టాండు మీద పెట్టి వెనక చక్రం ఇరుసు నుంచి పైన ఫెండర్ మీద ఒక గుర్తు దాకా టేపుతో కొలవాలి. తర్వాత బూట్లు, హెల్మెట్‌తో సహా మీరు ఎక్కి కూర్చుంటే ఇంకొకరు అదే కొలత తీయాలి. రెండింటికీ తేడా 100 నుంచి 105 మిల్లీమీటర్ల మధ్య రావాలి. ఎక్కువ వస్తే వెనక కుంగి ముందు తేలిపోతుంది. అప్పుడు మలుపులో ముందు చక్రం పట్టు దొరకదు, దాన్ని మీరు చేతులతో ఆపాలని చూస్తారు. మళ్లీ అదే ముంజేతుల నొప్పి.

క్లచ్, బ్రేక్ లివర్లు కూడా చూసుకోండి. నిలబడి నడిపేటప్పుడు మణికట్టు వంగకుండా ముంజేయి, వేళ్లు ఒకే గీతలో ఉండాలి.

ఫ్రీమాంట్_శీను
మీరు చెప్పింది ఇప్పటికే నడపడం వచ్చినవాడి విషయంలో నూటికి నూరుపాళ్లు నిజం. మా 50 ప్లస్‌లో సగం మంది 450లే. కానీ భయంలో కొత్తవాడి చెయ్యి తెలియకుండా థ్రాటిల్ తిప్పేస్తుంది. ఆ క్షణంలో 250 ఇచ్చే అవకాశం 450 ఇవ్వదు. రెంటికీ మధ్య దారి కావాలంటే కేటీఎం 350 ఉంది. 2010లో ఇటలీ రేసర్ కైరోలి పెద్ద క్లాసు ప్రపంచ టైటిల్ గెలిచింది దాని మీదే. వాడినది దొరికితే చూడండి.

ఆర్థో_విశాఖ
ఇంజను సంగతి మీరు తేల్చుకోండి. నేను గుండె దగ్గర మొదలుపెడతాను.

మోటోక్రాస్‌లో బండే కదా మోసేది అనుకుంటారు. పోటీ మొదలైన రెండు మూడు నిమిషాలకే గుండె వేగం గరిష్ఠానికి దగ్గరగా వెళ్లి చివరిదాకా అక్కడే ఉంటుంది. మన దేశస్థులకు గుండె జబ్బులు చిన్న వయసులోనే వస్తాయి, సన్నగా ఉన్నవాళ్లకు కూడా. 48లో పోటీకి దిగే ముందు ఈసీజీ, ట్రెడ్‌మిల్ టెస్ట్, లిపిడ్ ప్రొఫైల్, హెచ్‌బీఏ1సీ, బీపీ చేయించి ఆ కాగితాలతో మీ డాక్టర్‌ని కలవండి. ఏం ఆట ఆడబోతున్నారో స్పష్టంగా చెప్పండి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు దీనికి దూరంగా ఉండాలి. బీటా బ్లాకర్ (బీపీకి, గుండెకి ఇచ్చే ఒక రకం మందు) వాడేవాళ్లకు గుండె వేగం అంతగా పెరగదు, కాబట్టి వాచీలో అంకె చూసి తేలిగ్గా ఉన్నామనుకోవద్దు.

నేనూ సెలవుల్లో బండి మీద కొండల్లో తిరిగేవాణ్ణే. మానేయమని చెప్పడం నా ఉద్దేశం కాదు.

సుజాత_ఆస్టిన్
నాగ అన్నయ్య గారూ, ఈ విషయం ఇంట్లో వదినతో కూర్చుని మాట్లాడారా? మా వారు 46లో మొదలుపెట్టారు. మొదటి ఏడాది నేను ట్రాక్‌కి వెళ్లలేదు, ఫోన్ మోగితే గుండె ఆగిపోయేది. రెండో ఏడాది నేనే వెళ్లి జెండా పట్టుకునే పనికి చేరాను. ఏం జరుగుతోందో కళ్లతో చూస్తున్నాక భయం ఒక హద్దులోకి వచ్చింది.

మా ఇంట్లో పెట్టుకున్న పద్ధతులు: ఒంటరిగా ప్రాక్టీస్‌కి వెళ్లకూడదు. పెళ్లి ఉంగరం తీసి నా చేతికివ్వాలి. రక్తం గ్రూపు, మందుల జాబితా, ఇన్సూరెన్స్ కార్డు కాపీ గేర్ బ్యాగ్ పై జేబులో ఉండాలి. తలకి దెబ్బ తగిలితే, అది ఎంత చిన్నదైనా, ఆ రోజుకి బండి ట్రక్కు ఎక్కాల్సిందే. ఆ హెల్మెట్ మళ్లీ వాడకూడదు.

జెండాలు నేర్చుకోండి. పసుపు జెండా ఊపితే ముందు ఎవరో పడ్డారని, దాటకూడదు, జంప్ చేయకూడదు. తెల్ల జెండా మీద ఎర్ర శిలువ కనిపిస్తే వైద్య సిబ్బంది ట్రాక్ మీద ఉన్నారని. రెండు చక్రాలూ నేల వదలకుండా ఒకరి వెనక ఒకరు వెళ్లాలి. నేను నిలబడిన చోట పెద్ద వయసువాళ్లు ఈ జెండాలకి కుర్రాళ్ల కంటే ముందే నెమ్మదిస్తారు. అందుకే నాకు ఆ క్లాసు అంటే అభిమానం.

కోలార్‌రోడ్
హైదరాబాద్ నుంచి. నాకు 41. మాకు మీలా ఇంటి పక్కన ట్రాక్‌లు లేవు. రాత్రంతా బెంగళూరు హైవే మీద పోయి కోలార్ దగ్గర బిగ్ రాక్ డర్ట్ పార్క్‌లో నేర్చుకున్నా. 2015లో డకార్ ర్యాలీ పూర్తి చేసిన మొదటి భారతీయుడు సీఎస్ సంతోష్ పెట్టిన చోటు అది. ఆయన ఆ ఏడాది 36వ స్థానంలో వచ్చాడు. కోలార్ చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు బాగా వినిపిస్తుంది, టీ కొట్టు దగ్గర మన ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది.

అక్కడ మొదటి రోజు జంప్ ఊసే ఎత్తలేదు. రెండు కోన్ల చుట్టూ ఎనిమిది అంకె. గంటసేపు అదే. నాకు చాలా చిరాకేసింది. సాయంత్రానికి అర్థమైంది, మలుపులో నేను చూస్తున్నది ముందు చక్రాన్ని, వెళ్లాల్సిన దారిని కాదు. కూర్చునేటప్పుడు ట్యాంకు దాకా ముందుకు జరగాలి, లోపలి కాలు ముందుకి చాపాలి, బరువు బయటి పెగ్ మీద పెట్టాలి. ఈ మూడూ కుదరడానికి నాకు మూడు నెలలు పట్టింది.

నాది హీరో ఎక్స్‌పల్స్ 200. దాదాపు 160 కిలోలు, అసలైన మోటోక్రాస్ బండి కంటే 50 కిలోలు ఎక్కువ. కవాసాకి కేఎక్స్250 కొందామంటే 8 లక్షల దరిదాపు, రోడ్డు మీద నడపడానికి రిజిస్ట్రేషన్ ఉండదు. అందుకే మా దగ్గర నేర్చుకునేది ఎక్కువగా ఇలాంటి బండ్ల మీదే. నాగన్నా, మీకు అక్కడ వయసుకో క్లాసు ఉంది. మా దగ్గర నేను ఇరవై ఏళ్ల పిల్లలతో కలిసి నిలబడాలి. ఆ అదృష్టాన్ని వదులుకోకండి.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక మాట. పాలసీ కాగితాలు చదవండి. హెల్త్ పాలసీలో సాహస క్రీడల మినహాయింపు ఉంటే అది ప్రొఫెషనల్‌గా ఆడేవాళ్లకు మాత్రమేనా, అందరికా అని చూడండి. బండి ఇన్సూరెన్స్ పోటీలకు వర్తించదు.

నరసరావుపేట_నాగ
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత రాస్తున్నా.

శాగ్ కొలిచాం, మా అమ్మాయి టేపు పట్టుకుంది. 121 మిల్లీమీటర్లు. అమ్మినాయన 68 కిలోలు, నేను 86. ఇన్నాళ్లూ నేను వెనక్కి వాలిన కుర్చీలో కూర్చుని నడిపినట్టే.

అయినా చివరికి 450 అమ్మేసి వాడిన 250 ఫోర్ స్ట్రోక్ తీసుకున్నాను. ఈసారి నా బరువుకి స్ప్రింగ్ మార్పించాకే ఎక్కాను. ముంజేతుల నొప్పి పోలేదు కానీ ఇప్పుడు ఆరో ల్యాప్‌కి వస్తోంది.

ట్రెడ్‌మిల్ టెస్ట్ బాగానే ఉంది. బీపీ మాత్రం 150/96 వచ్చింది. నాకు ఏ లక్షణమూ లేదు, ఈ చర్చ లేకపోతే ఇప్పట్లో తెలిసేది కాదు. మందు మొదలుపెట్టాను. వారానికి రెండు రోజులు 45 నిమిషాలు మాట్లాడగలిగేంత వేగంతో సైకిల్, రెండు రోజులు స్క్వాట్లు, రోయింగ్, ఆదివారం బండి. రాత్రి పదింటికి నిద్ర. పెరుగన్నం మానలేదు.

ఇక్కడి నేల గురించి చెప్పాలి. డల్లాస్ చుట్టూ ఉన్నది అచ్చం మన నల్లరేగడి. ఎండలో పగుళ్లిస్తుంది, వాన పడితే చక్రానికి చుట్టుకుని కదలనివ్వదు. మొన్న తడి తగ్గకముందే ట్రాక్ తెరిస్తే వెళ్లాను. పత్తి చేలో ట్రాక్టరు దిగబడిన రోజులు గుర్తొచ్చాయి. టైలర్ వైపు వెళ్తే ఎర్ర ఇసుక నేల, అక్కడ బండి ఇంకో రకంగా నడుస్తుంది.

ఇప్పుడు ప్రశ్న. ఒక డబుల్ జంప్ ఉంది. నాతో ఉన్నవాళ్లంతా దూకేస్తున్నారు. నేను ఒక దిబ్బ ఎక్కి దిగి, రెండో దిబ్బ ఎక్కి దిగుతున్నా. ప్రతి ల్యాప్‌లో అక్కడే మూడు బండ్లు దాటుతున్నాయి.

ఫ్రీమాంట్_శీను
దాటనివ్వండి.

టేబుల్‌టాప్ (పైన బల్లలా చదునుగా ఉండే దిబ్బ) అయితే తక్కువ పడినా కింద నేల ఉంటుంది. డబుల్‌లో తక్కువ పడితే రెండో దిబ్బ ముఖానికి గుద్దుకుంటారు. నేను 43లో కాలర్‌బోన్ విరగ్గొట్టుకున్నది అక్కడే. ముందున్నవాణ్ణి చూసి "నేనూ దూకగలను" అనుకున్న ల్యాప్‌లో.

అదే ఎత్తు, అదే దూరం ఉన్న టేబుల్‌టాప్ వెతకండి. దాని అవతలి వాలు మీద పది సార్లకు పది సార్లు దిగాకే డబుల్ గురించి ఆలోచించండి. ఎక్కేటప్పుడు థ్రాటిల్ నిలకడగా ఉండాలి. అంచు మీద థ్రాటిల్ వదిలేస్తే ముందు చక్రం కిందికి పోతుంది. గాలిలో ముందు భాగం వంగిపోతే క్లచ్ పట్టకుండా థ్రాటిల్ ఇవ్వండి, వెనక చక్రం వేగం పెరిగి ముందు లేస్తుంది. ముందు మరీ లేచిపోతే క్లచ్ పట్టి వెనక బ్రేక్ నొక్కండి, ముందు దిగుతుంది.

పక్కవాళ్లకు అడ్డం రాకుండా ఒక అంచున మీ గీతలో మీరు ఎక్కి దిగండి. గీత మార్చకపోతే వెనకవాళ్లు తేలిగ్గా దాటేస్తారు.

నరసరావుపేట_నాగ
ఏప్రిల్ పోటీకి రెండు వారాలుంది. నిన్న ప్రాక్టీస్‌లో మలుపులో నెమ్మదిగానే పడ్డాను, చెయ్యి చాచి ఆపుకున్నా. మణికట్టు బొటనవేలి వైపు నొప్పి. దగ్గరున్న ఎమర్జెన్సీలో ఎక్స్‌రే తీసి ఏమీ లేదు, బెణుకే అన్నారు. ఈ రోజు వాపు తగ్గింది. టేప్ చుట్టుకుని ఆదివారం వెళ్లొచ్చా?

ఆర్థో_విశాఖ
వెళ్లొద్దు. దయచేసి వినండి.

బొటనవేలు పైకి చాపండి. దాని మొదట్లో మణికట్టు దగ్గర రెండు నరాల్లాంటి తాళ్ల మధ్య చిన్న గుంట ఏర్పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉందా? ఉంటే స్కాఫాయిడ్ ఎముక విరిగిందనే అనుకోవాలి. ఈ ఎముక పగులు మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవడం మామూలే. ఎంఆర్‌ఐ తీయించండి. కుదరకపోతే కట్టు వేయించుకుని 10 నుంచి 14 రోజుల్లో మళ్లీ ఎక్స్‌రే తీయించండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఆ చిన్న ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు కొస నుంచి వెనక్కి వస్తుంది. నడిమికి విరిగితే మోచేతి వైపు ముక్కకు రక్తం అందక అది చచ్చిపోవచ్చు. బెణుకనుకుని వదిలేసి ఏడాది తర్వాత అరిగిపోయిన మణికట్టుతో వచ్చినవాళ్లను నేను చూశాను. మీరు కీబోర్డు మీద బతికే మనిషి.

నరసరావుపేట_నాగ
గుంటలో నొక్కితే ప్రాణం పోయింది. ఎంఆర్‌ఐలో సన్నని పగులు కనిపించింది, జరగలేదట. కట్టు వేశారు, కనీసం 8 వారాలు. ఏప్రిల్ పోయింది.

డాక్టర్ గారూ, మీకు ఏమని చెప్పుకోను.

సుజాత_ఆస్టిన్
అన్నయ్య గారూ, బండి అమ్మేయకండి. కట్టు ఉన్నప్పుడు కూడా కదలని సైకిల్ తొక్కొచ్చేమో మీ డాక్టర్‌ని అడగండి. మా వారు చీలమండ విరిగినప్పుడు నాతో పాటు జెండా దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మలుపులో ఎవరు ఏ గీత పడుతున్నారో రోజంతా చూశారు. తిరిగి ఎక్కినప్పుడు ఆ చూపు పనికొచ్చిందన్నారు. మీరూ రండి.

రెండు_స్ట్రోకులు
బండి పనులు ఈ లోపు నేర్చుకోండి. ఎయిర్ ఫిల్టర్ ప్రతి రైడ్‌కీ కడగాలి, దుమ్ము లోపలికెళ్తే పిస్టన్ గీతలు పడుతుంది. ఇంజన్‌కి గంటల మీటరు పెట్టుకుని, కొన్ని గంటలకే ఆయిల్ మార్చాలి. ఇది రోడ్డు బండి కాదు, కిలోమీటర్ల లెక్క పనికిరాదు. స్పోకులు ప్రతిసారీ స్పానర్‌తో తట్టి చూడండి. అన్నీ ఒకేలా మోగాలి, మొద్దుగా మోగింది వదులైందని గుర్తు.

నరసరావుపేట_నాగ
ఆరు నెలలు ఏమీ రాయలేదు, క్షమించండి. జూన్ చివర కట్టు తీశారు. జూలై, ఆగస్టు ఇక్కడ 40 డిగ్రీలు, పొద్దున్నే ఎనిమిది లోపు మాత్రమే నడిపాను. నిన్న, అక్టోబరు ఆదివారం, టైలర్ వైపు ట్రాక్‌లో మొదటి పోటీ చేశాను.

45 ప్లస్, 50 ప్లస్ కలిపి గేటు మీద 18 మందిమి. నాకు అంచున చోటు వచ్చింది. ముప్పై అంకె ఉన్న పలక చూపించారు, దాన్ని పక్కకి తిప్పారు. ఇక ఏ క్షణమైనా గేటు పడుతుంది. ఆ ఐదారు సెకన్లలో నాకు ఇంజన్ల చప్పుడు వినపడలేదు. గేటుని పట్టి ఉంచే పిన్ను మీదే చూపు పెట్టమని శీను గారు చెప్పింది ఒక్కటే గుర్తుంది.

పోటీ రెండు విడతలు, ఒక్కో విడతని మోటో అంటారు. మొదటి మోటోలో మొదటి మలుపు చివరివాడిగా దాటాను. అది నేను కావాలనే చేసింది. రెండో ల్యాప్‌లో మలుపు గాడిలో ముందు చక్రం ఎక్కించబోయి పక్కకి వాలిపోయాను. చెయ్యి చాచలేదు, హ్యాండిల్ వదలలేదు. లేచి స్టార్ట్ చేసుకునేసరికి అందరూ వెళ్లిపోయారు. 17వ స్థానం. ఇంకొకాయన చైన్ తెగి ఆగిపోయాడు కాబట్టి అదైనా వచ్చింది.

రెండో మోటోకి సుజాత గారి భర్త వచ్చి ముందు టైరులో గాలి చూశారు, 16 ఉంది. 13కి దించారు. ఇసుకలో ఎంత తేడానో! డబుల్ దగ్గర ప్రతి ల్యాప్ ఎక్కి దిగాను, ఎడమ అంచున, గీత మార్చకుండా. మలుపుల్లో ముగ్గుర్ని దాటాను. దాటినవాళ్లలో ఒకరికి 61 ఏళ్లట, తర్వాత నా ట్రక్కు దగ్గరికొచ్చి చెయ్యి కలిపారు. 11వ స్థానం. రెండు స్థానాలూ కూడితే 28, మొత్తం మీద 15వ వాణ్ణి.

ముంజేతులు చివరి ల్యాప్‌లో బిగిశాయి. కానీ క్లచ్ పట్టగలిగాను. మా ఆవిడ కంచె దగ్గర నిలబడి మొదటి మోటో అంతా కళ్లు మూసుకుందట. రెండోది చూసింది.

కోలార్‌రోడ్
అన్నా, 61 ఏళ్లాయన సంగతి చదివాక నాకు ఇంకా ఇరవై ఏళ్లున్నాయని లెక్కేసుకున్నా. మనస్ఫూర్తిగా అభినందనలు.

ఫ్రీమాంట్_శీను
పడ్డప్పుడు చెయ్యి చాచకపోవడం, నాకు అన్నిటికంటే అది నచ్చింది.

టెనస్సీలో లొరెట్టా లిన్ రాంచ్‌లో 1982 నుంచి జరిగే అమెచ్యూర్ నేషనల్స్‌లో 40, 45, 50 దాటినవాళ్లకు వేరే క్లాసులున్నాయి. ఏరియా, రీజినల్ అర్హత పోటీలు దాటి 42 మంది గేటు దాకా వస్తారు, మూడు మోటోలు. అది చాలా దూరం. కానీ కాలిఫోర్నియాలో గ్లెన్ హెలెన్ ట్రాక్‌లో నవంబరులో జరిగే వరల్డ్ వెట్ అనే వెటరన్ల పోటీలో వయసుతో పాటు నైపుణ్యాన్ని బట్టీ క్లాసులుంటాయి, మనలాంటివాళ్లు కూడా దిగొచ్చు. ఈసారి నేను 50 ప్లస్ నోవీస్‌లో (అన్నిటికంటే కింది స్థాయి క్లాసు) ఉన్నా. చూడ్డానికి రండి. ఆ కొండ దిగే దారి టీవీలో తెలియదు.

ఆర్థో_విశాఖ
మణికట్టు ఎలా ఉంది? దిగేటప్పుడు నొప్పి ఉందా?

నరసరావుపేట_నాగ
దిగేటప్పుడు లేదు డాక్టర్ గారూ. పొద్దున చలిలో పట్టేస్తుంది, స్పానర్ తిప్పితే తెలుస్తుంది. ఈ రోజు స్పోకులు తట్టి చూశాం, వెనక చక్రంలో నాలుగు మొద్దుగా మోగాయి. మా అమ్మాయి బిగించింది.

శీను గారూ, టికెట్లు చూస్తున్నా.